పద్దు పుస్తకం నుంచి పప్పు గిన్నె దాకా: బడిలోనూ వేసవిలోనూ పిల్లల భోజనం నడిపే పద్ధతి

బడి భోజనం పాడైందన్న సంగతి అందరికీ తెలిసేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. అది పాడవడం మొదలయ్యేది మాత్రం అంతకు రెండు నెలల ముందు, పచారీ కొట్టు అరువు పుస్తకంలో. చిత్తూరు జిల్లాలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఏళ్లలోనూ, పదవీ విరమణ తర్వాత తిరుపతి శివారు కాలనీ ఒకదానిలో మిత్రులతో కలిసి నాలుగు వేసవులు పిల్లలకు అన్నం పెట్టినప్పుడూ నాకు పదేపదే ఎదురైన విషయం ఇదే. ప్రభుత్వం నుంచి వంట బిల్లు ఆలస్యమైతే వంట ఏజెన్సీ మహిళలు, అంటే బడిలో వండే పొదుపు సంఘం వారు, అరువు మీద సరుకు తెస్తారు. అరువు మీద తెచ్చేవారు పప్పు రకం ఎంచుకోలేరు, విడి నూనె వాసన నచ్చకపోయినా వెనక్కి పంపలేరు, గ్యాస్ బండ అయిపోతే తడి కట్టెలతో పొగలో వండుతారు. కాబట్టి ఇక్కడ డబ్బు సంగతీ, భద్రత సంగతీ కలిపే చెబుతాను.

ముందుగా, ఇది దయ కాదనీ పిల్లల హక్కనీ నిర్వాహకులందరికీ తెలిసి ఉండాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకాన్ని మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో పిల్లలకు బియ్యం మాత్రమే ఇచ్చేవారు. వండి వడ్డించాల్సిందేనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడుల్లో పొయ్యిలు వెలిగాయి. 2013లో ఆహార భద్రత చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది, 2015లో నియమావళి వచ్చింది, 2021లో కేంద్ర పథకం పేరు పీఎం పోషణ్‌గా మారింది. మన రాష్ట్రంలో ఇప్పుడు దీనిని గోదావరి లంకల్లో అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ పేరుతో పిలుస్తున్నారు. మన ప్రాంతానికి ఇంకా పాత చుట్టరికం కూడా ఉంది. 1920లోనే పిల్లలకు బడిలో తిండి పెట్టిన మద్రాసు నగరం మనకు రాజధానిగా ఉండేది. 1953 దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగమే.

లెక్కతో మొదలుపెట్టండి

ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 6 నుంచి 8 తరగతుల వారికి వరుసగా 150, 30, 75, 7.5 గ్రాములు. ఈ కొలతల ఉద్దేశం చిన్నవారికి 450 కిలోకేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు, పెద్దవారికి 700 కిలోకేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందించడం. బియ్యం ప్రభుత్వం నుంచే వస్తుంది. కోడిగుడ్లు, చిక్కీలు, రాగి జావ సామగ్రి రాష్ట్రం విడిగా ఏర్పాటు చేస్తుంది. మిగిలిన పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు ఖర్చుకు 2025 మే 1 నుంచి కేంద్రం ఖరారు చేసిన ధర ప్రాథమిక స్థాయిలో తలకు రూ.6.78, ప్రాథమికోన్నత స్థాయిలో రూ.10.17; దీనిని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ధరలు సవరిస్తూ ఉంటారు కనుక తాజా ఉత్తర్వు ప్రతిని రిజిస్టరు అట్టకు లోపలి వైపు అతికించుకోండి.

ఇప్పుడు 120 మంది ఉన్న ప్రాథమిక బడిని తీసుకుందాం. రోజుకు వచ్చేది రూ.813.60. కందిపప్పు 2.4 కిలోలు, కిలో రూ.130 అనుకుంటే రూ.312, కూరగాయలు 6 కిలోలు, కిలో రూ.30 చొప్పున రూ.180; నూనె 600 గ్రాములు, కిలో రూ.150 చొప్పున రూ.90. మొత్తం రూ.582 పోగా మిగిలిన రూ.231.60లో చింతపండు, మిరపపొడి, ఉప్పు, పసుపు, తాలింపు గింజలు, గ్యాసు అన్నీ సర్దుకోవాలి. సరిపోతుంది, కానీ పైసా కూడా మిగలదు. పప్పులో ఎనిమిది వందల గ్రాములు తగ్గిస్తే రూ.104 చేతిలో పడుతుంది, హాజరులో పది మందిని ఎక్కువ రాస్తే రూ.67.80 వస్తుంది, పప్పు నీళ్లలా ఉందని ఫిర్యాదు వచ్చినప్పుడు కోప్పడే ముందు ఈ రెండు అంకెలు గుర్తుచేసుకుంటే వంట మనిషితో ఏం మాట్లాడాలో తెలుస్తుంది. అదే బడిలో నెలకు 24 పనిదినాలు లెక్కేసి, రెండు నెలల బిల్లు ఆగిందనుకోండి: రూ.39,052.80. పొదుపు సంఘంలోని ముగ్గురు మహిళలు తమ చేతి డబ్బు అంత మొత్తం పెట్టి, పైగా తమ గౌరవ వేతనం కోసం కూడా ఎదురుచూస్తూ వంట చేయాలన్నమాట.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఒకటి నియమావళిలోనే ఉంది, చాలామంది ప్రధానోపాధ్యాయులకు తెలియదు: బియ్యమో వంట ఖర్చో తాత్కాలికంగా అయిపోయినప్పుడు భోజనం ఆగకుండా బడిలో ఉన్న ఏ నిధినైనా వాడి, తర్వాత డబ్బు రాగానే సర్దుబాటు చేసుకునే అధికారం 2015 నియమావళి ఇస్తోంది. వాడిన రోజే తల్లిదండ్రుల కమిటీ తీర్మానం రాయించి, మండల విద్యాధికారికి (ఎంఈఓ) ప్రతి పంపితే ఆడిట్‌లో ఇబ్బంది ఉండదు. రెండోది, నలభై వేల రూపాయల తిరుగు నిధి. దాతలు ఇచ్చిన డబ్బును ఖర్చు చేయకుండా, ప్రభుత్వ బిల్లు వచ్చేలోపు ఏజెన్సీకి ముందుగా ఇచ్చి, బిల్లు పడగానే తిరిగి జమ చేయించుకునే నిధి అది. మా బడిలో ఇది మొదలయ్యాక ఏజెన్సీ మహిళలు పచారీ కొట్టులో నగదు ఇచ్చి సరుకు తెచ్చుకున్నారు, తూకం కూడా ఎదురుగా వేయించుకున్నారు. ఆ నిధి నాలుగేళ్లు తిరిగి అసలు చెక్కుచెదరకుండా మిగిలింది.

ఉదయం పది గంటలకు తరగతుల వారీగా తలలు లెక్కపెట్టి, ఆ అంకెను చిన్న చీటీ మీద రాసి, ఉపాధ్యాయుడి సంతకంతో వంటగదికి పంపాలి. రిజిస్టరులోనూ, యాప్‌లోనూ ఎక్కేది ఆ చీటీ మీది అంకే. గోతాం విప్పే ముందు తూచి, గోతాం బరువు తీసేసి, లోటుంటే ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయాలి. నెలాఖరున చెప్పిన లోటును ఎవరూ నమ్మరు. భోజనం పెట్టలేకపోయిన రోజులకు పిల్లలకు ఆహార భద్రత భత్యం, అంటే ధాన్యమూ వంట ఖర్చూ, తర్వాతి నెల 15వ తేదీలోగా ఇవ్వాలని కూడా నియమావళి చెబుతోంది. ఆ నిబంధన ఉందని గోడ మీద రాసి ఉంచితే భోజనం ఆగే రోజులు వాటంతట అవే తగ్గుతాయి.

దాతలను ఏమడగాలి

తిరుపతిలో అన్నదానం గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. 1985లో తిరుమల కొండ మీద నిత్యాన్నదానం మొదలైనప్పటి నుంచీ, నిజానికి అంతకు చాలా ముందు నుంచీ, పుట్టినరోజుకో పెద్దల ఆబ్దికానికో పదిమందికి అన్నం పెట్టించడం ఇక్కడి ఇళ్లలో అలవాటు. ఆ అలవాటును బడి వైపు తిప్పడానికి ప్రభుత్వమే తిథి భోజనం అనే దారి ఇచ్చింది. కానీ దాతకు కనిపించేది ఒక్క రోజు, నిర్వాహకుడికి కనిపించేది రెండువందల ఇరవై రోజులు. దాత మైసూర్ పాకు పెట్టిద్దామంటాడు. బడికి కావలసింది చేతులు కడిగే సబ్బు, మూత బిగుతుగా ఉండే డబ్బాలు, కొత్త గ్యాస్ ట్యూబు. అందుకని నేను దాతల కోసం ఒక పట్టీ తయారుచేసి ఉంచుకునేవాణ్ణి: ఒక నెల గ్యాసు, ఒక నెల సబ్బులు, యాభై స్టీలు కంచాలు, తిరుగు నిధికి ఐదు వేలు. తీపి పెట్టాలన్న కోరిక గట్టిగా ఉంటే, ఆ రోజు మామూలు భోజనానికి అదనంగా, బడి వంటగదిలోనే వండించి, అదే వంటవారి చేత వడ్డింపజేయాలి. మామూలు భోజనం మానేసి దాని బదులు విందు పెట్టకూడదు. అలా చేస్తే ఆ రోజు పప్పు, గుడ్డు పోయి చక్కెర మిగులుతుంది.

బయట వండిన ఆహారం గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక వేసవిలో కల్యాణ మండపం నుంచి మిగిలిన పెరుగన్నం మూడు గంటలకు మా కాలనీకి వచ్చింది. దానిమ్మ గింజలు, జీడిపప్పు వేసిన మంచి పెరుగన్నం, పారబోయడానికి మనసొప్పలేదు. ఎప్పుడు వండారని అడగకుండానే పెట్టించాను. ఆ రాత్రి నలుగురు పిల్లలకు వాంతులయ్యాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం, తెల్లారేసరికి కోలుకున్నారు, వాళ్ల తల్లుల్లో ఒకామె మాత్రం మిగిలిన వేసవంతా తన పిల్లను పంపలేదు. ఆమె చేసిన పని సరైనదే. అప్పటి నుంచి పెళ్లి భోజనం గేటు దాటి లోపలికి రాలేదు.

పెద్ద మొత్తాలు కావాలంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఉన్నాయి. రూ.500 కోట్ల నికర విలువో, రూ.1,000 కోట్ల టర్నోవరో, రూ.5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి, ఆకలి, పోషకాహార లోప నివారణ ఆ జాబితాలో మొదటి వరుసలోనే ఉంది. అయితే ఆ డబ్బు తీసుకునే సంస్థ కంపెనీల వ్యవహారాల శాఖ వద్ద నమోదై ఉండాలి. బడి కమిటీకి అంత కాగితాల ఓపిక ఉండదు కనుక డబ్బు కాకుండా వంట షెడ్డు, పొయ్యిలు, నీటి ట్యాంకు అడగడమే సుఖం. అమెరికాలో ఉన్న ఊరి పిల్లలు పంపే డబ్బు విషయంలో ఒక జాగ్రత్త: భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అవుతుంది, దానికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. నగదు విరాళం ఎంత చిన్నదైనా వరుస సంఖ్య ఉన్న రసీదు ఇవ్వాలి.

వంటగది

జూలై 16ను నేను బడిలో వంటగది తనిఖీ రోజుగా పెట్టుకున్నాను. 2004లో అదే తేదీన కుంభకోణంలో ఒక బడి వంటశాల నుంచి లేచిన మంట తాటాకు పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. 2013లో మళ్లీ అదే తేదీన బిహార్‌లోని సారణ్ జిల్లాలో, పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ మందు పొలాల్లో చల్లే మోనోక్రోటోఫాస్. మన పల్లెల్లో మామిడి తోటలకూ టమాటా మడులకూ మందు కొట్టే ప్రతి ఇంట్లోనూ ఖాళీ డబ్బాలు ఉంటాయి, అవి శుభ్రంగా కడిగి నూనెకో నీళ్లకో వాడే అలవాటు కూడా ఉంటుంది. బడికి నూనె సీలు తీయని ప్యాకెట్లో, ప్రభుత్వ నాణ్యతా ముద్రతో మాత్రమే రావాలి. సరుకు గదిలో ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చీమల మందు ఏదీ ఉండకూడదు. బియ్యంలో పురుగు పట్టకుండా గోతాల మధ్య పెట్టే బిళ్లలు విష వాయువును వదులుతాయి కనుక వాటిని బడి ఆవరణలోకే రానివ్వకూడదు. పురుగు పడితే ఎండబెట్టి జల్లెడ పట్టండి, ఎక్కువైతే వెనక్కి పంపండి. గోతాలు నేల మీద కాక చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో ఉండాలి.

వంట చేసేవారి ముక్కు మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒకసారి మా వంటమనిషి బాండలి దించేసి ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి, "సార్, నూనె కాగతా ఉంటే ముక్కు మండతా ఉంది, నేను పోపు పెట్టను" అంది. ప్యాకెట్ తేదీ చూస్తే బాగానే ఉంది, అయినా పారబోయించి ఆ రోజు పిల్లలకు పోపు లేని పప్పే పెట్టాం. నూనెలో ఏముందో ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడం కంటే వంటమనిషి మాటకు పొయ్యి ఆగుతుందన్న సంగతి ఆమెకు తెలియడమే ముఖ్యమని ఇప్పటికీ అనుకుంటాను. వంటవారిని 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు, ఆపై ప్రతి వందకు ఒకరు చొప్పున పెట్టాలి. 120 మందికి ముగ్గురు. ఏడాదికి రెండుసార్లు వారికి ఆరోగ్య పరీక్ష చేయించాలి. విరేచనాలో, చేతి మీద చీము పుండో ఉన్న రోజు రావద్దని చెప్పి, ఆ రోజు వేతనం మాత్రం కోయకూడదు. కోస్తే పుండును గుడ్డతో చుట్టి దాచుకుని వస్తారు.

గ్యాస్ బండ షెడ్డు బయట, నిలబెట్టి ఉండాలి. బండ మెడ పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. అక్షరం మూడు నెలల గడువును సూచిస్తుంది, ఏ అంటే మార్చితో ముగిసేది, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. ఆ గడువు దాటిన బండను తీసుకోవద్దు. ట్యూబును అయిదేళ్లకొకసారి మార్చాలి. పొయ్యికి సరిగ్గా పైన బల్బు ఉంచకండి: దీపానికి పురుగులు, పురుగులకు బల్లి వస్తాయి, బల్లి పప్పులో పడుతుంది. పత్రికల్లో వచ్చే సగం గొడవలు ఆ బల్బును మూడడుగులు పక్కకు జరిపితే ఉండవు. పడిన పప్పును తీసి మరిగించి పెట్టడం మాత్రం వద్దు, మొత్తం పారబోయండి.

అన్నం, గుడ్డు, చిక్కీ

అన్నంలో ప్రమాదం వండాక మొదలవుతుంది. బియ్యంలో సహజంగా ఉండే ఒక సూక్ష్మజీవి బీజకణాలు మరిగే నీటిలోనూ చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెద్ద గంగాళంలో పన్నెండు కిలోల బియ్యం ఒకేసారి వండితే పైన చల్లారినా లోపల గంటల కొద్దీ ఆ గోరువెచ్చదనం నిలుస్తుంది. అందువల్ల రెండు విడతలుగా వండి, మొదటి విడత చిన్నపిల్లలకు, రెండోది పెద్దవారికి పెట్టడం మేలు. దించిన తర్వాత రెండు గంటల్లోపు కంచంలో పడేట్టు పొయ్యి వెలిగించే సమయం నిర్ణయించుకోవాలి. అంతవరకు ఆహారం 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా మూతపెట్టి ఉంచాలి. ఉదయం ఎనిమిదిన్నరకే వంట ముగించి ఇంటి పని చూసుకోవడం వంటవారికి సౌకర్యమే, కానీ చిత్తూరు ఏప్రిల్ ఎండలో అది కుదరదు. చద్దన్నం తిని పెరిగిన మనకు ఇదంతా అతిగా అనిపించవచ్చు. ఇంట్లో నలుగురి చద్దన్నంలో అమ్మ ఆరబెట్టి, నీళ్లు పోసి, ఉప్పూ మజ్జిగా కలిపి పులియబెట్టేది; గంగాళంలో అడుగంటి మిగిలిన అన్నం చద్దన్నం కాదు.

పిల్లలు అన్నంలో కాస్త పసుపుగానో మరీ తెల్లగానో ఉన్న గింజలు ఏరేస్తుంటే చూడండి. అవి ప్లాస్టిక్ బియ్యం కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన పోషక గింజలు, వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు తేలుతాయి, వాటిని నీళ్లతో పారబోస్తే ఆ పోషకాలూ పోతాయి. ఏడాది మొదట్లోనే తల్లుల సమావేశంలో గుప్పెడు బియ్యం చేట మీద పోసి ఆ గింజలు చూపించండి.

గుడ్లు వచ్చిన రోజే చిట్లినవి పక్కన పెట్టాలి. ఉడికించే ముందు నీళ్లలో వేస్తే పూర్తిగా తేలేవి పాతవి, వాడకూడదు. నీళ్లు మరిగాక పన్నెండు నిమిషాలు ఉంచి, శుభ్రమైన నీటిలో చల్లార్చి, పెంకుతోనే పిల్లల చేతికివ్వండి. చేతులు కడుక్కున్న పిల్లలు తామే ఒలుచుకుంటే ఇంకొకరి చేయి గుడ్డుకు తగలదు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనబడితే ఎక్కువసేపు ఉడికిందని అర్థం, హాని లేదు. చిక్కీ విషయంలో తేదీ చూడటంతో పాటు ఒకటి కొరికి చూడాలి. వేరుశనగ పండే నేల పిల్లలు కాబట్టి ముక్కిపోయిన చేదు వాళ్లకు వెంటనే తెలుస్తుంది. బూజు పట్టిన వేరుశనగలో పుట్టే విషం వేయించినా పోదు కనుక వాళ్లు వద్దంటే వద్దనే అనుకోవాలి.

కూరగాయల్లో టమాటాను నమ్ముకుని పట్టిక వేయకండి. మదనపల్లె మార్కెట్లో పారబోసే ధర నుంచి, 2023 జూలైలో వచ్చినట్టు కిలో వంద దాటే ధర వరకు అది ఊగుతుంది. పులుపుకు చింతచిగురు, పుల్లమామిడి, గోంగూర ఉన్నాయి; చలికాలంలో అనపకాయలు వస్తే పితికిపప్పు చేసిన రోజు కంచంలో మెతుకు మిగలదు.

వడ్డించడానికి అరగంట ముందు ఒక ఉపాధ్యాయుడు, వీలైతే ఒక తల్లి కూడా రుచి చూసి, సమయం వేసి సంతకం చేయాలి. అరగంట అన్నది ముఖ్యం, పిల్లలతో పాటే తింటే అది రుచి చూడటం కాదు. ప్రతి వంటకం నుంచి ఒక గరిటెడు శుభ్రమైన మూత డబ్బాలో తీసి, తేదీ రాసి మర్నాటి దాకా ఉంచండి. మరిగే సాంబారు గిన్నెను పిల్లలు నడిచే దారిలో నేల మీద ఎప్పుడూ పెట్టకూడదు. గంట కొట్టకముందే ఇద్దరు పెద్దవాళ్లు మోసుకొచ్చి ఎత్తు బల్ల మీద పెట్టాలి. బడి భోజనంలో కాలిన గాయాలు ఎక్కువగా ఆ ఐదు నిమిషాల తొక్కిసలాటలోనే అవుతాయి. అందరూ ఒకే పంక్తిలో, ఒకే రకం కంచాల్లో తినాలి. వంటవారి నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఎవరైనా పిల్లవాణ్ణి వంటమనిషి కులం కారణంగా ఇంటి నుంచి డబ్బాతో పంపితే, ప్రధానోపాధ్యాయుడు ఆ పంక్తిలోనే కూర్చుని వారం రోజులు తినడం కంటే మంచి సమాధానం నాకు కనబడలేదు.

ఎవరికైనా వాంతులు మొదలైతే వడ్డన ఆపండి, మిగిలిన ఆహారాన్ని పారబోయకుండా మూతపెట్టండి, 108కి ఫోన్ చేయండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు. తాగగలిగిన పిల్లలకు ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా ఇవ్వండి. ఎవరు ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి వాంతి అయింది అన్నది రాసిన కాగితం డాక్టరుకు చాలా పనికొస్తుంది. తల్లిదండ్రులకు కబురు మీ నుంచే ముందు వెళ్లాలి.

వేసవి

మన బడులకు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, 49 రోజులు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే ఆ ఉత్తర్వు చూపించి అడగవచ్చు. ప్రకటించకపోతే ఖర్చు మీదే. మామిడి కోతలకూ, ఇటుక బట్టీలకూ, బెంగళూరు కూలికీ తల్లిదండ్రులు వెళ్లిన ఇళ్లలో అవ్వతాతల దగ్గర మిగిలే పిల్లలే ఎక్కువగా వస్తారు. బడి ఆవరణ వాడాలంటే మార్చి నెలలోనే కమిటీ తీర్మానం, ఎంఈఓ అనుమతి తీసుకోండి. వేరే చోట వండేట్టయితే ఆహార భద్రత శాఖలో నమోదు చేయించుకోండి. ప్రభుత్వ బియ్యం, గుడ్లు ఉండవు కనుక తలకు ఖర్చు బడి రోజుల లెక్కకు చాలా రెట్లు అవుతుంది. అరవై మందితో మొదలుపెట్టి 49 రోజులూ నడపడం, రెండు వందల మందితో మొదలుపెట్టి ఇరవయ్యో రోజు తాళం వేయడం కంటే ఎంతో గౌరవం. మొత్తం డబ్బులో మూడింట రెండు వంతులు చేతికి రానిదే మొదటి రోజు ప్రకటించవద్దు.

సమయం విషయంలో మధ్యాహ్నం ఒంటిగంట మర్చిపోండి. ఉదయం పదిన్నరకు పెట్టి పదకొండున్నరకల్లా పిల్లలు నీడకు చేరేట్టు చూడాలి. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, పల్చటి మజ్జిగ మా పిల్లలకు బాగా నచ్చిన భోజనం. సంగటి పొయ్యి మీది నుంచి నేరుగా కంచంలోకి వస్తుంది కనుక అన్నం కంటే భద్రం. మజ్జిగకు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, అందులో వేసే ఐసు ఎక్కడిదో తెలియకపోతే వేయకూడదు. కోసిన పండ్లు వద్దు, మామిడి పండును కడిగి మొత్తంగా ఇవ్వండి. కార్బైడ్‌తో మగ్గబెట్టినవి నిషిద్ధం, తోట నుంచి కాయలుగా తెచ్చి గడ్డిలో మీరే మగ్గేసుకుంటే డబ్బూ కలిసొస్తుంది. మిగిలినది ఏదీ ఇంటికి పంపవద్దు, చివరి పిల్లకు రెండో వడ్డన పెట్టేయండి.

వేసవిలో మరో చిక్కు, వచ్చే తలల సంఖ్య రోజుకొకలా ఉండటం. ఊళ్లో జాతరో పెళ్లో ఉంటే అరవైలో ఇరవై మందే వస్తారు. ముందు రోజు భోజనమయ్యాక, రేపు వచ్చేవారు తమ కంచాన్ని కడిగి కుడివైపు అరలో, రానివారు ఎడమవైపు అరలో పెట్టమని మేం చెప్పాం. ఉదయం వంటమనిషి కుడి అర లెక్కపెట్టి బియ్యం కొలిచేది.

జూన్ 11న గిన్నెలు, గరిటెలు, కంచాలు లెక్కపెట్టి, గ్యాస్ రెగ్యులేటరు తీసి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుడికి అప్పగించి సంతకం తీసుకోండి. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు, మిగిలినది, మిగిలినది ఎక్కడుందో ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో రాసి, జూన్ 12న పిల్లలతో పాటు వచ్చే పెద్దవాళ్లకు కనబడేట్టు బడి తలుపుకు అతికించండి. మేం మొదటి ఏడాది అతికించిన కాగితం చూసి ఒక ఆటో డ్రైవరు, "మిగిలింది పదకొండు వందలే గదా సార్, మళ్లీ వేసవికి ఎట్లా?" అని అడిగి, జేబులోంచి రెండు వందలు తీశాడు. రసీదు పుస్తకంలో అతనిదే ఆ ఏటి చివరి రసీదు.